ఆల్పైన్ స్కీ వరల్డ్ కప్ 2022–23: సీజన్ మొత్తానికీ ఒకటే థ్రెడ్

మంచుకొండ (మ్యూనిక్) | అక్టోబర్ 23, 2022

ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్ అప్పుడు తలా ఒక థ్రెడ్ తెరిచి ఎవరు ఎక్కడ ఏం రాశారో తెలీకుండా చేశాం. ఈసారి మార్చి దాకా అంతా ఇక్కడే.

సీజన్ ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో మొదలైంది. అంటే సగం మొదలైంది. నిన్న ఆడవాళ్ళ జయంట్ స్లాలోమ్ వాతావరణం బాగాలేక రద్దు చేశారు. ఇవాళ మగవాళ్ళది జరిగింది. స్విట్జర్లాండ్ మార్కో ఓడర్మాట్ మొదటి స్థానం, స్లొవేనియా అబ్బాయి జాన్ క్రాన్యెత్స్ రెండు, నార్వే క్రిస్టోఫర్సన్ మూడు. పోయిన సీజన్‌లో ఓవరాల్ (అన్ని రేసుల పాయింట్లూ కలిపి ఇచ్చే టైటిల్) గెలిచినవాడు ఈ సీజన్‌నీ అక్కడి నుంచే అందుకున్నాడు.

---

గోదారిగట్టు (రాజమండ్రి) | అక్టోబర్ 23, 2022

నమస్కారమండీ. ఒలింపిక్స్‌లో ఆరిఫ్ ఖాన్ కోసం చూడ్డం మొదలెట్టి ఇందులో పడిపోయాను. ఆయన గుల్మార్గ్ నుంచి వెళ్ళి జయంట్ స్లాలోమ్‌లో 45వ స్థానం తెచ్చుకున్నాడు కదండీ. ఆ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్ళింది ఆయనొక్కడే. ఈ వరల్డ్ కప్ సంగతి మాత్రం నాకు బోధపడలేదు. కప్పు అంటే ఒక ఊళ్ళో ఒక పక్షం రోజులు ఆడేసి ఇచ్చేస్తారనుకున్నాను. ఐదు నెలలు సాగుతుందా ఇది?

---

ఓరుగల్లు_అన్న (వరంగల్) | అక్టోబర్ 24, 2022

సాగుతది సార్. వారం వారం ఊరు మారుతది. ఒక్కో రేసుకు మొదటోనికి 100 పాయింట్లు, రెండోనికి 80, మూడోనికి 60, తర్వాత 50, 45, 40... అట్ల దిగుకుంట దిగుకుంట 30వ స్థానానికి ఒకే ఒక్క పాయింటు. 31 వస్తే గుండు సున్నా. మార్చిల అన్నీ కూడితే ఎవరికి ఎక్కువుంటే వాళ్ళకు పెద్ద గాజు గోళం. స్లాలోమ్, జయంట్ స్లాలోమ్, సూపర్-జి, డౌన్‌హిల్, ఒక్కోదానికి చిన్న గోళాలు వేరే ఉంటయి.

రెండేండ్లకోసారి వచ్చే ప్రపంచ ఛాంపియన్‌షిప్ వేరే ముచ్చట. అది ఈసారి ఫిబ్రవరిల ఫ్రాన్స్‌ల, కుర్షెవెల్–మెరిబెల్ దగ్గర. అక్కడ పతకాలిస్తరు, వరల్డ్ కప్ పాయింట్లు రావు.

---

స్నోసుందరి (బోస్టన్) | అక్టోబర్ 24, 2022

దానికి ఇంకొంచెం చేరుస్తాను. స్లాలోమ్‌లో గేట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, కర్రలు మొహం మీదికి వస్తుంటే ముంజేత్తో కొట్టుకుంటూ దిగాలి. జయంట్ స్లాలోమ్‌లో గేట్లు దూరం, మలుపులు పెద్దవి. ఈ రెండింటికీ రెండేసి పరుగులు, రెండు టైములూ కూడతారు. సూపర్-జి, డౌన్‌హిల్ వేగానివి. వాటికి ఒకటే పరుగు, తప్పు చేస్తే దిద్దుకోడానికి మళ్ళీ పైకి వెళ్ళే అవకాశం లేదు.

అసలు సరదా ఎక్కడంటే, మొదటి పరుగులో పైన నిలిచిన 30 మందిని రెండో పరుగులో తిరగేసి దింపుతారు. 30వ వాడు ముందు, మొదటి వాడు ఆఖర్న. అప్పటికి 29 జతల స్కీలు ఆ దారిని తవ్వి గుంతలు చేసి ఉంటాయి. ఆధిక్యంలో ఉండటమే శిక్ష అన్నమాట. అందుకే వాలు మీద నీళ్ళు కొట్టి మంచుని గడ్డ కట్టిస్తారు. టీవీలో పొడిపొడిగా కనిపించేది నిజానికి గట్టి ఐసు. మామూలుగా సెలవుల్లో స్కీయింగ్‌కి వెళ్ళినవాళ్ళు దాని మీద నిలబడలేరు.

---

బెజవాడబుల్లోడు (విజయవాడ) | అక్టోబర్ 24, 2022

పాయింట్లు కూడుకునే లెక్క మనకెందుకు అక్కా. ఒలింపిక్స్‌లో అమెరికా స్కీయర్ మికైలా షిఫ్రిన్ వ్యక్తిగత రేసు ఒక్కదాంట్లోనూ పతకం తేలేదు. మూడింట్లో కిందిదాకా రానే లేదు. కానీ సీజన్ ఓవరాల్ ఆవిడదే. ఇదేం న్యాయం? పెద్ద రోజున గెలిచినవాడే గొప్పోడు అని నా ఉద్దేశం. మార్చిదాకా ఇదే మాట మీద ఉంటా, ఎవరు వాదించినా సరే.

---

మంచుకొండ | నవంబర్ 13, 2022

సీజన్ మొదలైందంటే నమ్మబుద్ధి కావడం లేదు. స్విట్జర్లాండ్‌లో మొదలై ఇటలీలో ముగిసే జెర్మాట్–చెర్వీనియా డౌన్‌హిల్ అని ఎంతో హడావుడి చేశారు. రెండు దేశాల మీదుగా వరల్డ్ కప్ రేసు ఇదే మొదటిసారి కావాల్సింది. హిమానీనదం మీద చాలినంత మంచు లేక నాలుగు రేసులూ రద్దు. లెష్–జ్యూర్స్ పారలల్ రేసులూ (ఇద్దరిద్దరు పక్కపక్కనే దిగేవి) వెచ్చదనానికి పోయాయి. ఇప్పటిదాకా జరిగింది ఒకే ఒక్క రేసు.

---

జ్యూరిక్_జానకి (జ్యూరిక్) | నవంబర్ 13, 2022

ఆ జెర్మాట్ గురించి ఇక్కడ ఆఫీసులో కూడా పెద్ద చర్చే. అక్టోబర్ ఆఖర్లో హిమానీనదం మీద డౌన్‌హిల్ పెట్టాలన్న ఆలోచనే నాకు నచ్చదు. ఎండాకాలమంతా కరిగి, బీటలు బయటపడి ఉంటాయి. పైన కొత్త మంచు పడితే గానీ దారి వెయ్యలేరు. అది ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఓడర్మాట్‌ని సొంత దేశంలో డౌన్‌హిల్‌లో చూద్దామని ఎదురుచూసినవాళ్ళం జనవరిలో వెంగెన్ దాకా ఆగాలి.

---

ఓరుగల్లు_అన్న | నవంబర్ 20, 2022

ఫిన్లాండ్ లెవీల రెండు రోజులు రెండు స్లాలోమ్‌లు, రెండూ షిఫ్రిన్‌వే. మొత్తం 76 గెలుపులు. అక్కడ గెలిస్తే రెయిన్‌డీర్‌ని బహుమతి ఇస్తరు. ఆమెకు ఇప్పటికే చిన్న మందే ఉన్నది.

లెక్క రాసి పెట్టుకోండ్రి: ఆడవాళ్ళల లిండ్సే వాన్ 82. మొత్తంల స్వీడన్ స్టెన్మార్క్ 86. ఆయన ఆఖరు గెలుపు 1989ల. అప్పటిసంది ఆ అంకెను ఎవ్వరూ అందుకోలే.

---

స్నోసుందరి | నవంబర్ 28, 2022

థాంక్స్‌గివింగ్ సెలవులకి కిల్లింగ్టన్ వెళ్ళి వరల్డ్ కప్ రేసులు చూసొచ్చాం. కింద నిలబడితే కనిపించేది ఆఖరి ఏటవాలు ఒక్కటే, మిగతాదంతా పెద్ద తెర మీద చూసుకోవాలి. కానీ ఆ హోరు! పిల్లలు ఆవుల మెడ గంటలు పట్టుకుని చెవులు చిల్లులు పొడిచేశారు. షిఫ్రిన్ చదువుకున్న స్కీ బడి బర్క్ మౌంటెన్ అకాడమీ ఈ వెర్మాంట్‌లోనే ఉంది కాబట్టి జనమంతా ఆమె మనిషే.

శనివారం జయంట్ స్లాలోమ్ స్విట్జర్లాండ్ లారా గుట్-బెహ్రామిది. షిఫ్రిన్ 13వ స్థానం. ఆదివారం స్లాలోమ్ మొదటి పరుగులో షిఫ్రిన్ ముందుంది, ఇంకేముంది అనుకున్నాం. ఇక్కడ ఆమె ఇదివరకు ఓడిన స్లాలోమ్ లేదు మరి. రెండో పరుగులో జారి ఐదో స్థానానికి పోయింది. గెలిచింది ఎవరు? వెండీ హోల్డెనర్, ఆనా స్వెన్ లార్సన్. ఇద్దరూ! వందో వంతు సెకను దాకా ఒకటే టైము. హోల్డెనర్‌కి స్లాలోమ్‌లో 30 సార్లు రెండో స్థానమో మూడో స్థానమో వచ్చింది, గెలుపు మాత్రం ఒక్కటీ లేదు. స్వెన్ లార్సన్‌కీ ఇదే మొదటిది. ఇద్దరూ కింద ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే షిఫ్రిన్ ఓడిందన్న సంగతే మర్చిపోయాం.

---

గోదారిగట్టు | నవంబర్ 29, 2022

ముప్ఫై సార్లా! ఆవిడ ఓపికకి దణ్ణం పెట్టాలండీ.

---

బెజవాడబుల్లోడు | నవంబర్ 29, 2022

చూశారా, ఆవిడ పేరు నాకు ఇవాళే తెలిసింది. ముప్ఫై సార్లు పోడియం ఎక్కినా తెలీలేదు, ఒక్కసారి గెలిస్తే తెలిసింది. నా పాయింటు అదే.

---

జ్యూరిక్_జానకి | నవంబర్ 29, 2022

తమ్ముడూ, నీకు తెలీకపోవడం హోల్డెనర్ లోపమా?

---

మంచుకొండ | డిసెంబర్ 18, 2022

సెయింట్ మోరిట్జ్ వారాంతం గురించి రాయకపోతే పాపం తగులుతుంది.

శుక్రవారం డౌన్‌హిల్‌లో ఇటలీ సోఫియా గొజ్జా గేటుకి చెయ్యి తగిలి ఎడమ చేతిలో రెండు ఎముకలు విరిగాయి. అయినా రెండో స్థానంలో వచ్చింది, ఎలీనా కుర్తోనీ గెలిచింది. అక్కడి నుంచి మిలాన్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. ఆ రాత్రికే తిరిగొచ్చి, శనివారం కట్టు కట్టిన చేతికి కర్రని బిగించుకుని ఇంకో డౌన్‌హిల్‌లో దిగి గెలిచింది! వేగం గంటకి వంద కిలోమీటర్ల పైన. స్టార్టు గేటు దగ్గర రెండు చేతులతోనూ తోసుకుని బయల్దేరాలి, ఆవిడకి ఒక్క చెయ్యే గట్టిగా పనిచేస్తోంది. ఇవాళ సూపర్-జి షిఫ్రిన్‌కి, 77వది.

డాక్టర్లు పంపించకుండా ఉండాల్సిందా అని ఇక్కడ టీవీలో వాదన. నన్నడిగితే పంపించకూడదు. కానీ చూస్తున్నంతసేపూ కుర్చీలో కూర్చోలేకపోయాను, అదీ నిజమే.

---

స్నోసుందరి | డిసెంబర్ 18, 2022

గ్లవ్ లోపల చెయ్యి వాచి ఉంటే కర్ర మీద పట్టే ఉండదు. పడితే ఆ చేత్తో ఆపుకోలేదు. నాకు మెచ్చుకోవాలో తిట్టాలో తెలీలేదు మంచుకొండ గారూ.

---

ఓరుగల్లు_అన్న | జనవరి 8, 2023

క్రిస్మస్ తర్వాత ఆస్ట్రియా జెమ్మరింగ్‌ల వరుసగా మూడు రోజులు మూడు రేసులు, మూడూ షిఫ్రిన్‌కే. తర్వాత జాగ్రెబ్. ఇయ్యాల క్రాన్స్కా గోరా జయంట్ స్లాలోమ్. మొత్తం 82. వాన్‌తోని సమానం!

ఇగ ఒక్క ముచ్చట జెప్పాలె. 82, 82 ఒకటే అంకె గని లోపలున్న సరుకు వేరే. వాన్ 82ల 43 డౌన్‌హిల్‌లే, సూపర్-జిలు 28, స్లాలోమ్ రెండే. షిఫ్రిన్‌ది ఎక్కువ భాగం స్లాలోమ్, తర్వాత జయంట్. ఒకరిది వేగం, ఇంకొకరిది మలుపు. అంకెను అంకెతోని కొలిచి ఎవరు పెద్ద అంటే నేను జవాబియ్య.

---

మంచుకొండ | జనవరి 8, 2023

ఆడెల్బోడెన్ ఫొటోలు చూశారా? నిన్న ఓడర్మాట్ జయంట్, ఇవాళ బ్రాటెన్ స్లాలోమ్ గెలిచారు, అది సరే. కానీ చుట్టూ కొండంతా గోధుమరంగు గడ్డి, మధ్యలో తెల్లటి పట్టీ ఒకటి. అదంతా యంత్రాలతో చేసిన మంచు. నిన్న జనం స్వెటర్లు తీసి నడుముకి కట్టుకున్నారు. జనవరి మొదటివారం ఇది! కొత్త సంవత్సరం నాడు యూరప్‌లో చాలాచోట్ల ఎండాకాలంలా ఉంది.

---

జ్యూరిక్_జానకి | జనవరి 8, 2023

అయినా ఆ పట్టీ మీద రేసు బాగానే జరిగింది కదా. ఉప్పు చల్లి పైపొర గట్టిపరిచే విద్య వాళ్ళకి బాగా వచ్చు. ఇంకా ఎన్నేళ్ళు కొనసాగిస్తారో అది వేరే మాట. జయంట్ స్లాలోమ్ చూడ్డానికి వచ్చిన జనం మాత్రం తగ్గలేదు. ఓడర్మాట్ ఆఖరి వాలులోకి దిగేటప్పటికి ఊళ్ళో ఒక్కరి గొంతూ మిగల్లేదు.

---

గోదారిగట్టు | జనవరి 21, 2023

కిట్స్‌బ్యూల్ చూశానండీ. అది రేసు కాదు, పిచ్చి. బయల్దేరిన కాసేపటికే మనిషి గాల్లో ఉన్నాడు! నిన్న డౌన్‌హిల్ ఆస్ట్రియా క్రీక్‌మాయర్ గెలిచాడు, ఇవాళ్టిది నార్వే కిల్డె. కానీ నా మనసు రెండో స్థానం ఆయన మీద పడింది. యోహాన్ క్లారేకి 42 ఏళ్ళట! ఈ వయసులో వరల్డ్ కప్ పోడియం ఎక్కినవాడు ఇంకెవడూ లేడని చెప్పారు. నాకు మెట్లు దిగడానికే మోకాలు ఒప్పుకోదు.

---

ఓరుగల్లు_అన్న | జనవరి 21, 2023

క్లారే అంటే మామూలు మనిషి కాదు సార్. 2013ల వెంగెన్‌ల గంటకు 161.9 కిలోమీటర్లు కొట్టిండు. వరల్డ్ కప్ డౌన్‌హిల్‌ల 160 దాటిన మొదటి మనిషి ఆయననే.

---

జ్యూరిక్_జానకి | జనవరి 21, 2023

ఇక్కడ మాత్రం ఇల్లంతా దిగులే. నిన్న ఓడర్మాట్ పడబోయి తమాయించుకున్నాడు, మోకాలు పట్టేసింది. ఇవాళ దిగలేదు, ష్లాడ్మింగ్‌కీ వెళ్ళడంట. వెంగెన్‌లోనూ డౌన్‌హిల్, సూపర్-జి రెండూ కిల్డెనే ఎగరేసుకుపోయాడు. వేగం రేసుల్లో ఈ సీజన్ కిల్డెది, ఒప్పుకోక తప్పదు. వాళ్ళింట్లో కబుర్లన్నీ గెలుపుల మీదేనేమో, ఆయన జోడీ షిఫ్రిన్ కదా!

---

ఓరుగల్లు_అన్న | జనవరి 29, 2023

ఈ వారం లెక్క. క్రోన్‌ప్లాట్జ్‌ల రెండు జయంట్‌లు, షిఫ్రిన్ 83, 84. వాన్ రికార్డు పాయె. స్పిండ్లెరూవ్ మ్లీన్‌ల నిన్న స్లాలోమ్ 85. ఇయ్యాల 86 అయితదనుకున్న. మొదటి పరుగుల ముందే ఉన్నది. లెనా డ్యూర్ 0.06 సెకన్లతోని గుంజుకున్నది! జర్మనీ ఆమె ఎన్నేండ్ల సంది ఎదురుచూస్తున్నదో.

ఓడర్మాట్ మోకాలు కుదిరినట్టుంది. మంచు లేక గార్మిష్ రేసులు కొట్టేసిన్రు, వాటికి బదులు కోర్టినాల రెండు సూపర్-జిలు పెట్టిన్రు. రెండూ ఆయనకే.

---

బెజవాడబుల్లోడు | జనవరి 29, 2023

సరే సరే. ఇక అసలు సంగతికి వస్తున్నాం. ఫిబ్రవరి 6 నుంచి కుర్షెవెల్–మెరిబెల్. అక్కడ మాట్లాడుకుందాం. 85 గెలిచినావిడ ఆ రెండు వారాల్లో ఏం చేస్తుందో చూస్తా.

---

స్నోసుందరి | ఫిబ్రవరి 8, 2023

మొదటి రోజే గుండె జారింది. కంబైన్డ్‌లో (ఒక సూపర్-జి పరుగు, ఒక స్లాలోమ్ పరుగు కలిపేది) షిఫ్రిన్ స్లాలోమ్ పరుగులో ఇటలీ బ్రిన్యోనె టైముకి దగ్గర దగ్గరగా వచ్చేసింది, ఇంకో రెండు మూడు గేట్లుంటే అయిపోయేది, స్కీ గేటుకి అవతలి పక్క నుంచి పోయింది. బంగారం బ్రిన్యోనెకి. ఇవాళ సూపర్-జిలో వెండి, మార్తా బస్సీనో కంటే 0.11 వెనక.

---

బెజవాడబుల్లోడు | ఫిబ్రవరి 8, 2023

నేనేం అనలేదు. 🙂

---

జ్యూరిక్_జానకి | ఫిబ్రవరి 12, 2023

రెండు రోజుల్లో రెండు డౌన్‌హిల్ బంగారాలు మాకే! నిన్న యాస్మిన్ ఫ్లూరీ, నీనా ఓర్ట్‌లీబ్ మీద 0.04 తేడాతో. ఇవాళ ఓడర్మాట్! కిల్డె రెండు. మూడోది కెనడా అబ్బాయి కామెరాన్ అలెగ్జాండర్.

ఒక్కటి గమనించండి. ఓడర్మాట్ ఇప్పటిదాకా వరల్డ్ కప్‌లో ఒక్క డౌన్‌హిల్ కూడా గెలవలేదు. జయంట్‌లు, సూపర్-జిలు అన్ని గెలిచినవాడు ఇది మాత్రం గెలవలేదు. ఆ మొదటి డౌన్‌హిల్ గెలుపేదో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనే పెట్టుకున్నాడు. పై నుంచి కింద దాకా ఎక్కడా వేగం వదల్లేదు. రేసు అయ్యాక ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి కళ్ళు తుడుచుకున్నాడు.

---

ఓరుగల్లు_అన్న | ఫిబ్రవరి 12, 2023

కిల్డె సంగతి చూడున్రి. సీజన్ మొత్తం డౌన్‌హిల్‌ల కొట్టుకుంట వచ్చిండు. ఇక్కడ సూపర్-జిల జేమ్స్ క్రాఫోర్డ్ 0.01తోని ముందువడ్డడు. సెకనుల వందో వంతు! డౌన్‌హిల్‌ల మళ్ళ రెండోదే. క్రాఫోర్డ్‌కైతే వరల్డ్ కప్‌ల ఒక్క గెలుపు గూడ లేకుండె.

---

బెజవాడబుల్లోడు | ఫిబ్రవరి 13, 2023

అన్నా, నువ్వే చెప్పావు. పెద్ద రోజున క్రాఫోర్డ్ గెలిచాడు, కిల్డె ఓడాడు. ఇంక నేను చెప్పేదేముంది?

---

ఓరుగల్లు_అన్న | ఫిబ్రవరి 13, 2023

తమ్మీ, 0.01 అంటే గెలుపా? రెండూ ఒక్కటే పరుగు. గాలి జెర ఇటు కొట్టినా పేర్లు మారిపోతుండె. 2019 క్రికెట్ ప్రపంచ కప్ యాదికి తెచ్చుకో. లీగ్ పట్టికల మనమే పైన ఉన్నం. మాంచెస్టర్‌ల సెమీస్‌ల న్యూజిలాండ్ మీద అరగంటల మూడు వికెట్లు పోయినయి, ఇంటికొచ్చినం. ఆ అరగంటతోని మన జట్టు మంచిది కాదనవడితివా నువ్వు?

---

బెజవాడబుల్లోడు | ఫిబ్రవరి 13, 2023

పట్టికలో పైన ఉన్నందుకు మనకెవరైనా కప్పు ఇచ్చారా అన్నా? నేను ఆ రాత్రి అన్నం తినలేదు. పట్టిక గుర్తుకొస్తే ఆకలి తీరలేదు మరి.

---

స్నోసుందరి | ఫిబ్రవరి 18, 2023

గురువారం జయంట్ స్లాలోమ్‌లో షిఫ్రిన్ బంగారం! బ్రిన్యోనె మీద 0.12. చాలాకాలంగా తనతో ఉన్న కోచ్ మైక్ డేతో ఈ ఛాంపియన్‌షిప్ మధ్యలోనే తెగిపోయింది. అలాంటి గొడవలో గెలిచింది. ఇవాళ స్లాలోమ్. మొదటి పరుగు తర్వాత షిఫ్రిన్ ముందు, హోల్డెనర్ వెనకే. ఇంక రెండో బంగారమే అనుకుని కాఫీ పెట్టుకోడానికి లేచాను. కెనడా అమ్మాయి లోరాన్స్ సాంజెర్మాన్ మూడో స్థానం నుంచి దిగి 0.57 తేడాతో గెలిచేసింది! ఆమె ఇదివరకు వరల్డ్ కప్‌లో ఒక్క పోడియం కూడా ఎక్కలేదు. పాపం హోల్డెనర్ రెండో పరుగు పూర్తి చెయ్యలేదు.

ఇక్కడ నాకు తోచిన మాట ఒకటి. ఫ్లూరీ, క్రాఫోర్డ్, సాంజెర్మాన్, డౌన్‌హిల్‌లో ఓడర్మాట్. ఈ నలుగురిలో ఒక్కరికీ అప్పటికి వరల్డ్ కప్‌లో ఆ విభాగంలో గెలుపు లేదు. బుల్లోడు దీన్ని పెద్ద రోజు మహిమ అంటాడు. ఓరుగల్లు అన్న గాలివాటం అంటాడు. నేను రెండూ కాదంటాను. ఈ ఆటలో పదో స్థానంవాడికీ మొదటి స్థానంవాడికీ ఉన్న దూరం మనం అనుకున్నంత లేదు. వారం వారం చూస్తుంటే షిఫ్రిన్, కిల్డె గెలుస్తూనే ఉంటారు కాబట్టి మిగతావాళ్ళు ఎక్కడో కింద ఉన్నారని భ్రమ. నిజానికి అందరూ అర సెకను గదిలోనే కిక్కిరిసి ఉన్నారు. ఆ కిక్కిరిసిన గదిలో ఒకే మనిషి ఒక సీజన్‌లో పదిసార్లకి పైగా ముందుకి రావడమే వింత. ఒక్క రోజు సాంజెర్మాన్ రావడం వింత కాదు.

---

మంచుకొండ | ఫిబ్రవరి 19, 2023

సుందరి గారి మాటకి ఇవాళ్టి మగవాళ్ళ స్లాలోమ్ సాక్ష్యం. క్రిస్టోఫర్సన్ మొదటి పరుగులో 16వ స్థానం. ఎండ కాస్తోంది, మంచు మెత్తబడుతోంది. రెండో పరుగులో తిరగేసిన వరుస వల్ల అతనికి దారి ఇంకా చెడకముందే దొరికింది. చక్కగా దిగి కింద కూర్చున్నాడు. పై నుంచి ఒక్కొక్కరూ వచ్చి గుంతల్లో పడి టైము పోగొట్టుకుంటున్నారు. ముందున్న ఫెల్లర్ కూడా. బంగారం క్రిస్టోఫర్సన్‌కి!

రెండో స్థానం గ్రీసు! ఏజే గినిస్. శీతకాలపు క్రీడల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గ్రీసుకి ఇదే మొదటి పతకం. ఒకప్పుడు అమెరికా జట్టులో ఉండి, మోకాళ్ళ ఆపరేషన్ల తర్వాత జట్టులో చోటు పోతే పుట్టిన దేశం తరఫున దిగాడు. ఈ నెల మొదట్లో షమోనీలో రెండో స్థానంలో వచ్చినప్పుడే ఎవరీ మనిషని వెతికాం. అపెండిక్స్ ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే బ్రాటెన్ కూడా ఇందులో దిగాడు. వీళ్ళేం మనుషులో.

---

గోదారిగట్టు | ఫిబ్రవరి 19, 2023

గ్రీసు వచ్చిందంటే మన గుల్మార్గ్‌కీ ఒక రోజు వస్తుందండీ. ఈ నెలలోనే అక్కడ ఖేలో ఇండియా శీతకాల క్రీడలు జరిగాయి. మనవాళ్ళకి మంచుంది, కేబుల్ కారుంది. నీళ్ళు కొట్టి గడ్డ కట్టించిన వాలు ఏడాదిలో ఎన్నాళ్ళు దొరుకుతుందో అదే ప్రశ్న.

---

స్నోసుందరి | ఫిబ్రవరి 20, 2023

సరిగ్గా పట్టుకున్నారు సార్. మెత్తటి మంచు మీద ఎంత సాధన చేసినా రేసు ఐసు మీదికి రాగానే స్కీ అంచు నిలవదు. ఆస్ట్రియా పిల్లలు పదేళ్ళ వయసు నుంచే ఆ ఐసు మీద పెరుగుతారు. గినిస్ కూడా చిన్నప్పుడే ఆస్ట్రియా వెళ్ళాడు.

---

ఓరుగల్లు_అన్న | మార్చి 11, 2023

87!!!

నిన్న స్వీడన్ ఓరెల జయంట్ స్లాలోమ్, 86, స్టెన్మార్క్‌తోని సమానం. ఇయ్యాల స్లాలోమ్, 87. ఆయన దేశంలనే. ఇంకోటి, షిఫ్రిన్ మొదటి వరల్డ్ కప్ రేసు 2011 మార్చి 11న. ఇయ్యాల్టికి సరిగ్గ 12 ఏండ్లు. ఆమె మొట్టమొదటి గెలుపు గూడ ఇదే ఓరెల, 2012 డిసెంబర్‌ల.

లెక్క: స్లాలోమ్ 53, జయంట్ 20, సూపర్-జి 5, డౌన్‌హిల్ 3, పారలల్ 5, కంబైన్డ్ 1.

---

మంచుకొండ | మార్చి 11, 2023

స్టెన్మార్క్ పక్షాన ఒక మాట రాయకపోతే అన్యాయం. ఆయన 86లో 46 జయంట్, 40 స్లాలోమ్. డౌన్‌హిల్ జోలికి దాదాపు పోలేదు. ఆయన రోజుల్లో సీజన్‌కి రేసులూ తక్కువే. రెండే విభాగాల్లో, తక్కువ రేసుల్లో అన్ని గెలవడం ఇంకెవరి వల్లా కాకపోవచ్చు. షిఫ్రిన్ ఆరు రకాల్లోనూ గెలిచింది. ఎవరు పెద్ద అని నన్ను అడక్కండి, నేను ఇద్దరి మనిషినీ.

---

బెజవాడబుల్లోడు | మార్చి 11, 2023

అభినందనలు. నిజంగానే. ఇవాళ రెండో పరుగు చూస్తూ నేనూ లేచి నిలబడ్డా.

కానీ ఒకటి అడుగుతా, కొట్టకండి. ఇవాళ అందరూ ఎందుకు ఊపిరి బిగపట్టారు? ఇది 87వది కాబట్టి. అంటే ఇదీ ఒక పెద్ద రోజే. మిగతా 80 చిల్లర గెలుపుల్లో ఎన్నిటికి లేచి నిలబడ్డారు మీరు?

---

జ్యూరిక్_జానకి | మార్చి 12, 2023

ఆ 80 లేకపోతే ఈ 87 ఎక్కడిది రా బాబూ!

---

జ్యూరిక్_జానకి | మార్చి 18, 2023

అండోరా, సోల్డెయు. సీజన్ ఫైనల్స్. గురువారం సూపర్-జి ఓడర్మాట్ గెలిచాక 1942 పాయింట్లు. ఇవాళ జయంట్ స్లాలోమ్‌లో మొదటి మూడు స్థానాల్లో వస్తే చాలు, 2000 దాటతాడు. రెండో స్థానమొస్తే 2022, మూడైనా 2002. కానీ ఆయన రెండో స్థానానికి దిగేవాడిలా దిగలేదు. 2.11 సెకన్ల తేడాతో గెలిచాడు! వందో వంతులు లెక్కపెట్టే ఆటలో రెండు సెకన్లు! మొత్తం 2042. హెర్మన్ మాయర్ 1999–2000లో సరిగ్గా 2000 చేసిన రికార్డు పోయింది. సీజన్‌లో 13 గెలుపులు, మగవాళ్ళలో రికార్డు అదే. స్టెన్మార్క్, మాయర్, హిర్షర్‌ల పక్కన నిలబడ్డాడు. మోకాలి వల్ల కొన్ని రేసులు వదులుకుని మరీ.

మా వీధిలో ఇంకా గంటలు మోగుతున్నాయి.

---

గోదారిగట్టు | మార్చి 19, 2023

ఆడవాళ్ళ వైపు ఎలా ముగిసిందండీ? మా ఇంట్లో కరెంటు పోయింది.

---

ఓరుగల్లు_అన్న | మార్చి 19, 2023

నిన్న స్లాలోమ్ స్లొవేకియా వ్లోవా కొట్టింది సార్. ఇయ్యాల జయంట్ షిఫ్రిన్ కొట్టింది, 88. జయంట్‌ల ఇది 21వ గెలుపు. వ్రేనీ ష్నైడర్ 20తోని ఉండె, ఆడవాళ్ళల అదే పెద్ద అంకె, అదిగూడ దాటింది. సీజన్‌ల 14 గెలుపులు, 2206 పాయింట్లు, ఐదో పెద్ద గోళం. ఆడవాళ్ళల పాయింట్ల రికార్డు మాత్రం ఇంకా టీనా మాజెదే, 2012–13ల 2414. ఐదు విభాగాలల్ల ఒక్క రేసు వదలకుంట తిరిగింది ఆమె. అది ఇప్పట్ల ఎవరికీ అందేట్టు లేదు.

చిన్న గోళాలు: స్లాలోమ్, జయంట్ షిఫ్రిన్. సూపర్-జి గుట్-బెహ్రామి. డౌన్‌హిల్ గొజ్జా. మగవాళ్ళల డౌన్‌హిల్ కిల్డె, సూపర్-జి, జయంట్ ఓడర్మాట్, స్లాలోమ్ బ్రాటెన్.

---

బెజవాడబుల్లోడు | మార్చి 20, 2023

ఇరిగిన చేత్తో దిగిన గొజ్జాకి గోళం వచ్చింది, అది నాకు నచ్చింది. కిల్డెకీ రావాల్సిందే.

ఓరుగల్లు అన్నా, నీ మాట ఒప్పుకోలేదు, నా మాట వదల్లేదు. సీజన్ గోళం ఇంటికి తెచ్చుకున్న కిల్డెని పిలిచి, ఆ 0.01 తీసుకుని గోళం ఇచ్చెయ్యమంటే ఏం చేస్తాడో అడగాలని ఉంది నాకు.

---

ఓరుగల్లు_అన్న | మార్చి 20, 2023

ఇచ్చేస్తడేమో తమ్మీ. క్రాఫోర్డ్‌ను గూడ అడుగు మరి, ఒక బంగారం ఇచ్చి ఈ సీజన్‌ల కిల్డె కొట్టిన ఎనిమిది గెలుపులు తీసుకుంటవా అని.

---

మంచుకొండ | మార్చి 20, 2023

ఇద్దర్నీ అడగడానికి నాకు అక్టోబర్‌లో సోల్డెన్ వెళ్ళే ఆలోచన ఉంది. మ్యూనిక్ నుంచి కారులో పొద్దున బయల్దేరితే రేసు టైముకి అందుకోవచ్చు. ఎవరైనా యూరప్‌లో ఉంటే ప్రైవేటు మెసేజ్ పెట్టండి, కారులో మూడు సీట్లు ఖాళీ. వాన పడితే రేసు ఉండదు, ముందే చెప్తున్నా.